గణితపట్టము – గుత్తి డిప్యూటీ కలెక్టరు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల గృహస్థులు తమ కుమారుడు ఇంజనీరింగు విడిచి గణితశాస్త్రమున పట్టము పుచ్చుకొనెదనన్నచో కలవరపడుదురు. బడిపంతులు పని తప్ప ఈ చదువునకు వేరు గతి యేమున్నదని వారి శంక. ఎకరమమ్మి చదివించు తండ్రి యట్లడుగుట తప్పని మేమనము. అట్టివారి యెదుట వి. రామస్వామయ్యరుగారి చరిత్ర నుంచుచున్నాము.

అయ్యరుగారు 1871లో జన్మించిరి. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో గణితమున ఎం.ఏ. పట్టమందిరి. విద్యార్థిదశలోనే లండను నగరపు ఎడ్యుకేషనల్ టైమ్సు పత్రికకు గణితవిషయములు వ్రాసి పంపగా, పత్రికవారు వీరిని ఆచార్యులని తలచి యట్లే సంబోధించిరట. ఆ పిలుపు మిత్రులలో నిలిచిపోయినది. ఉద్యోగము మాత్రము రెవిన్యూశాఖలో దొరకెను.

1906 నాటికి వీరు అనంతపురమండలమున గుత్తిలో డిప్యూటీ కలెక్టరు. కోటకు ప్రసిద్ధమైన ఆ యూర కొత్త గణితగ్రంథము లభించుట కల్ల. విదేశీపత్రికలు తెప్పించుకొనుట ఒక్కని జీతమునకు మించిన పని. పదిమంది చందాలు వేసికొని తెప్పించినచో అందరును చదువుకొనవచ్చునని తోచి, ఆ డిసెంబరులో మిత్రులకు లేఖలు వ్రాసిరి. 1907 ఏప్రిల్ 4వ తేదీన ఇరువదిమంది సభ్యులతో సంఘమేర్పడెను. నేటి భారతగణితసమాజ మదియే. దాని గ్రంథాలయము పూనాలోని ఫెర్గుసను కళాశాలలో నుండెను. అయ్యరుగారు తొలి కార్యదర్శి, అనంతరకాలమున అధ్యక్షులు. పత్రిక 1909లో ప్రారంభమాయెను.

ఆ సమాజమున చేరిన వారెవరో చూడుడు. తొలి అధ్యక్షులు బి. హనుమంతరావుగారు చెన్నపురి ఇంజనీరింగు కళాశాలలో గణితాచార్యులు. ఆర్. రామచంద్రరావుగారు నెల్లూరు కలెక్టరు. కోశాధికారి ఎస్. నారాయణయ్యరుగారు గణితాధ్యాపకులై యుండి, పిమ్మట చెన్నపురి పోర్టుట్రస్టులో ముఖ్యగణకులైరి. పంతులు పని తప్ప గతిలేదను మాట ఆనాడే నిజము కాదు.

1910లో, అయ్యరుగారు తిరుక్కోయిలూరున ఉన్నపుడు, పట్టము లేని యొక నిరుపేద యువకుడు గుమాస్తా పని యిమ్మని వచ్చెను. అతడే శ్రీనివాస రామానుజను. అతని నోటుపుస్తకములు చూచి అయ్యరుగారు ఉద్యోగ మీయలేదు. రెవిన్యూ కచేరిలో అడుగుమెట్టున కూర్చుండబెట్టి ఆ ప్రతిభను అణచుటకు వారికి మనసొప్పలేదు. చెన్నపురిలోని గణితజ్ఞులకు పరిచయలేఖ వ్రాసి పంపివేసిరి. ఆకలితో వచ్చినవానికి జీతము నిరాకరించుట న్యాయమా? మాకును ఈ సందేహము లేకపోలేదు. అయితే ఆ లేఖ వ్యర్థము కాలేదు. శేషు అయ్యరుగారి ద్వారా రామానుజను నెల్లూరు చేరెను. రామచంద్రరావుగారు కొంతకాలము అతనిని పోషించిరి. 1911లో సమాజపత్రికయందు అతని తొలి వ్యాసము వెలువడెను. 1912 మార్చి 1న పోర్టుట్రస్టులో నెలకు 30 రూపాయలపై చేరినదియు గుమాస్తా పనియే. కాని ఈ మారు పై అధికారి నారాయణయ్యరుగారు. కచేరి ముగిసిన పిదప ఇరువురును గణితము చేయుచుండిరి.

నేడు శామీర్‌పేట యువకునకు పూనా పుస్తకములకై ఎదురుచూడ నక్కరలేదు. 2008లో అచ్చటనే వెలసిన బిట్స్ ప్రాంగణమున గణితము ఎమ్మెస్సీ వరకు చెప్పుచున్నారు. సమీపమున జీనోమ్ వ్యాలీలో టీకాలు, మందులు తయారగుచున్నవి; ఒక టీకాను ఎందరిపై పరీక్షించిన ఫలితము నమ్మదగునో నిర్ణయించునది గణాంకశాస్త్రము. బీమాసంస్థలు మరణముల లెక్క కట్టి చందాలు నిర్ణయించుటకు గణితజ్ఞుల నుంచుకొనును. గణాంకశాస్త్రము చేర్చి చదివినవారికి కేంద్రప్రభుత్వ గణాంకసర్వీసు పరీక్ష కలదు. ఇవి పట్టముతోనే చేతికి వచ్చునవి కావు. పై పరీక్షలు, ఏండ్ల సాధన కావలయును. తండ్రులు ఈ సంగతి ముందే తెలిసికొనుట మేలు.

అయ్యరుగారు 1936లో దివంగతులైరి. గుత్తి లేఖలతో పుట్టిన సమాజము తన పత్రికను నేటికిని ప్రకటించుచున్నది.