యల్లాప్రగడ సుబ్బారావు: పగలు హార్వర్డ్ ల్యాబ్.. రాత్రి ఆస్పత్రిలో చాకిరీ, ఆ పీహెచ్‌డీ వెనుక కథ ఇదీ

బయోకెమిస్ట్రీ చదివే ప్రతి విద్యార్థికీ ఫిస్కే-సుబ్బారావ్ మెథడ్ తెలుసు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన తెలుగువాడని మాత్రం చాలామందికి తెలియదు.

1895 జనవరి 12న పుట్టారు. చదువులో ఫస్ట్ ర్యాంకర్ ఏం కాదు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాక ఖద్దరు సర్జికల్ గౌను వేసుకోవడం బ్రిటిష్ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. అదే రోజుల్లో ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. దానికి మందు కనిపెట్టాలన్న పంతం అక్కడే మొదలైంది.

మామగారు ఇచ్చిన డబ్బుతో అమెరికా ఓడెక్కారు. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి వెళ్లారు. ఆ తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి చూడనే లేదు.

ఇప్పుడు మహేశ్వరం లాంటి ఊళ్ల నుంచి వచ్చి హైదరాబాద్ సీసీఎంబీలో పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. సుబ్బారావుకి ఆ భరోసా లేదు. రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టర్‌గా రోగుల బెడ్‌పాన్లు తీసేవారు. డాక్టర్ చదివిన మనిషి! తెల్లారితే ఫిస్కే ల్యాబ్‌లో ఉండేవారు.

ఆ ల్యాబ్‌లోనే 1925లో ఫాస్ఫరస్ పద్ధతి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. మన కండరం కదలాలన్నా, కణం బతకాలన్నా ఈ ఏటీపీనే ఇంధనం. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. పేపర్ల మీద ఫిస్కే పేరు ముందు, సుబ్బారావు పేరు తర్వాత. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అప్పటికి వయసు 35. అయినా ఇంకో పదేళ్లు అక్కడే పనిచేసినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లే కంపెనీకి మారారు. అసలు విశ్వరూపం అక్కడే. ఆయన టీమ్ 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. సోదరుల్ని మింగిన స్ప్రూకి అదే మందు!

కథ అక్కడ ఆగలేదు. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్‌ఏ తయారవ్వాలి. దానికి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. మరి దాన్ని అడ్డుకుంటే? కేన్సర్ కణం పెరగడమూ ఆగాలి కదా. అలా అమినోప్టెరిన్ తయారైంది. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ మెరుగు కొన్ని నెలలే నిలిచింది. కానీ అంతవరకూ ఆ పిల్లల విషయంలో డాక్టర్లు చేతులెత్తేసేవాళ్లే. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ కేన్సర్‌కీ, కీళ్లవాతానికీ వాడుతున్నారు. బోదకాలు నివారణకి మన ఊళ్లలో ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన టీమ్‌దే.

ఫార్బర్ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లోని తన గదిలో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. పాతికేళ్లు అమెరికాలో ఉన్నా అక్కడి పౌరసత్వం తీసుకోలేదు. ఇండియాకి తిరిగి రానూ లేదు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంప్ వేసింది.