ఆచార్య జగదీశ చంద్ర బోసు

అన్యభాషా ప్రాంతమున నివసించు మన తల్లిదండ్రులలో ఒక సందేహము తరచుగా వినవచ్చుచుండును. ఇంటి భాషలో అక్షరములు దిద్దిన బిడ్డ రేపు శాస్త్రవిద్యలో వెనుకబడిపోవునేమో యని వారి భయము. ఆ భయము సహజమే. అట్టివారికిని, మా ప్రియ విద్యార్థులకును ఒక మహనీయుని చరిత్రమును విన్నవింప దలచితిమి.

జగదీశ చంద్ర బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన తూర్పు బెంగాలులోని మైమెన్‌సింగులో జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్ర బోసుగారు ప్రభుత్వోద్యోగి. ఆనాడు ఉద్యోగస్థులు తమ కుమారులను ఆంగ్ల పాఠశాలలకు పంపుట గౌరవముగా నెంచుచుండిరి. కాని ఆయన తన కుమారుని వంగభాషా పాఠశాలకే పంపెను. పరభాషకు ముందు స్వభాషను, స్వజనమును ఎరుగవలెనని ఆయన తలంపు. ఆ తరగతిలో బాలుని కిరుప్రక్కల కూర్చుండినవారు తండ్రిగారి కచేరీలోని ముస్లిం బంట్రోతు కుమారుడును, ఒక బెస్తవాని కుమారుడును. పక్షులను గూర్చియు, జలచరములను గూర్చియు వారు చెప్పిన కథలే ఆయనకు ప్రకృతిపై మక్కువ కలిగించినవి. పిమ్మట ఆయన కలకత్తాలో ఆంగ్లమును నేర్చి, ఇంగ్లండునకు వెళ్లి, కేంబ్రిడ్జిలో రేలీ ప్రభువు మొదలగువారి యొద్ద చదివిరి.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులైరి. అచట ఐరోపీయులకంటె భారతీయులకు జీతము తక్కువ. బోసుగారు పాఠములు మానలేదు. జీతమును మాత్రము ముట్టలేదు. ఇట్లు మూడు సంవత్సరములు గడచెను. ఇంట అప్పులుండినను పట్టు విడువలేదు. తుదకు ప్రభుత్వము పూర్తి జీతమును వెనుకటి బాకీతో సహా చెల్లించెను.

ఇక వారి పరిశోధన. 1888లో జర్మనీ దేశమున హెర్ట్జుగారు విద్యుత్తరంగములను జింకురేకుతో చేసిన పరవలయ దర్పణములచే ఒకే దిశకు మళ్లించిరి. సైకిలు దీపమును చూడుడు. వెనుకనున్న మెరుగు రేకు వంపులో నాభియను స్థానమున దీపముండుటచేతనే వెలుగు చెదరక ముందునకు సాగును. హెర్ట్జుగారి ఏర్పాటును అట్టిదే. కాని వారి తరంగపు పొడవు సుమారు 66 సెంటీమీటర్లు. దర్పణపు వెడల్పు తరంగపు పొడవునకు ఎన్ని రెట్లుండునో కిరణపుంజము అంత సన్నగా సాగును. కావుననే వారి దర్పణములు రెండు మీటర్ల ఎత్తు కావలసివచ్చెను.

దర్పణమును పెంచుటకు మారుగా తరంగమునే కుదించిన నేమి? బోసుగారు 1894లో ఈ మార్గము త్రొక్కిరి. కళాశాలలో సరియైన ప్రయోగశాల లేదు. ఒక చిన్న గదిలో, స్థానికుడైన రేకుపనివాని సాయముతో పరికరములను తామే చేయించుకొనిరి. 5 మిల్లీమీటర్ల తరంగమును పుట్టించిరి. లెక్క వేసి చూడుడు: ఇది 66 సెంటీమీటర్లలో 132వ వంతు. రెండు మీటర్ల దర్పణము చేసెడి పనికి ఇపుడు ఒకటిన్నర సెంటీమీటరు చాలును! వారు తరంగములను లోహపు గొట్టము గుండ పంపి, అందుకొను చోట గరాటువంటి కొమ్మును అమర్చిరి. గంధకముతో కటకమును చేసిరి. రైల్వే టైము టేబులు పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులుంచియు, మెలిపెట్టిన జనపనారతోను తరంగముల ధ్రువణమును పరీక్షించిరి. 1895లో కలకత్తా పురమందిరమున వారి తరంగములు గోడలను దాటి పోయి గంట మ్రోగించెను, తుపాకిమందును ప్రేల్చెను.

నేటి పెద్ద పళ్లెపు యాంటెన్నాల నాభిస్థానమున ఉండునది తరచుగా అట్టి కొమ్మే. దాని నోరు మిక్కిలి చిన్నదైన చూపు పళ్లెపు అంచు దాటి నేలమీద పడి, అనవసరపు రొద లోనికి వచ్చును. మిక్కిలి పెద్దదైన పళ్లెపు అంచులు వ్యర్థమగును. నేడు ఇంట యాంటెన్నా చేసికొను ఔత్సాహికులు ఈ కొలతలను ముందుగా కంప్యూటరుపై సరిచూచుకొని పిదప రేకు కత్తిరింతురు. బోసుగారికి ఆ సౌకర్యము లేదు; చేసి చూచుట, సరిదిద్దుటయే వారి మార్గము.

1897లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో వారు ఈ ప్రయోగములను ప్రదర్శించిరి. తరువాత వృక్షజీవనముపై కృషి చేసిరి. 1917లో తమ జన్మదినముననే కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించిరి. 1920లో రాయల్ సొసైటీ సభ్యులైరి. ఇంత కీర్తి వచ్చినను మాతృభాషను మరువక, 1921లో ‘అవ్యక్త’ యను వంగభాషా వ్యాససంపుటిని ప్రకటించిరి. 1937 నవంబరు 23న గిరిడీలో పరమపదించిరి.

ఒక్కరి జీవితము అన్నిటికిని రుజువు కాదని మేమెరుగుదుము. బోసుగారు ఆంగ్లమును శ్రద్ధతో నేర్చిన మాటయు దాచము. మన పిల్లలును ఆంగ్లమును, ఈ రాష్ట్రభాషను చక్కగా నేర్వవలసినదే. అయినను ఇంటి భాషలో మొదలిడిన చదువు వారిని ఆపలేదు. ప్రకృతిపై మక్కువ వారికి కలిగినది ఆ బడిలోనే. విద్యార్థులారా! రాత్రి సైకిలు దీపము వెలిగించునపుడు దాని వంపును ఒకసారి పరికించుడు. అట్లేల చేసిరో తెలుగుననే ఆలోచించి, మరునాడు మీ ఉపాధ్యాయుల నడుగుడు.