మార్లవాయిలో బడి తెరిపించిన మనిషి – హైమన్‌డార్ఫ్



కొన్నేళ్ల కిందట మా హాస్టల్లో ఒక చిన్న పాప కొత్తగా చేరింది. మొదటి రోజు మధ్యాహ్నం తరగతిలో లేచి నిలబడి ఏర్, ఏర్ అంటూ ఏడ్చింది. పాఠం చెబుతున్న టీచరమ్మ మైదాన ప్రాంతం నుంచి వచ్చినావిడ. తెలుగులో ఏరు అంటే వాగు కదా, పాప ఊరి వాగును తలచుకుని ఏడుస్తోందేమో అనుకుని ఓదార్చి కూర్చోబెట్టింది. పాప అడిగింది తాగడానికి నీళ్లు. గోండిలో ఏర్ అంటే నీళ్లు. ఆ టీచరమ్మ మనసు చెడ్డది కాదు, ఆమెకు ఆ ఒక్క మాట తెలియదు, అంతే. ఆ సాయంత్రం నాకు మార్లవాయి గుర్తొచ్చింది. ఈ సంచిక కోసం ఒక మహనీయుడి జీవితం రాయమన్నప్పుడు హైమన్‌డార్ఫ్ గురించే రాయాలనుకున్నాను.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రం చదివి డాక్టరేట్ పొందారు. తరువాత లండన్ వెళ్లి మలినోవ్‌స్కీ అనే ప్రసిద్ధ ఆచార్యుని దగ్గర మెళకువలు నేర్చుకున్నారు. జనం మధ్య ఉండి, వాళ్ల భాష నేర్చి, వాళ్ల కళ్లతో లోకాన్ని చూడాలన్నది ఆ గురువు పద్ధతి. 1936లో మొదటిసారి మన దేశం వచ్చి కొన్యాక్ నాగాల మధ్య ఉన్నారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లి చేసుకున్నారు. అందరూ ఆమెను బెట్టీ అని పిలిచేవారు. మరుసటి ఏడాది దంపతులిద్దరూ మళ్లీ మన దేశం చేరుకునేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికే ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకుంది. ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. అందువల్ల బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశ పౌరుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ రాజ్యం దాటి తిరగరాదని ఆంక్ష పెట్టింది. ఆ ఆంక్షే మనకు మేలు చేసింది. వేరే చోటికి పోలేని ఆ దంపతులు నల్లమలలో చెంచుల దగ్గరికి, గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరికి, చివరికి ఆదిలాబాద్ కొండల్లో మన రాజ్ గోండుల దగ్గరికి చేరారు.

ఆ రోజుల్లో ఆదిలాబాద్ కొండల్లో పరిస్థితి మీ తాతలు చెప్పే ఉంటారు. అడవిని రిజర్వు చేస్తున్నామంటూ గీతలు గీసి, ఆ గీత లోపల ఉన్న గూడేలను ఖాళీ చేయించారు. తరాలుగా దున్నుకుంటున్న భూమికి కాగితం లేదు. పక్క నుంచి వచ్చినవాళ్లు కాగితం పుట్టించుకుని పట్టాదారులయ్యారు. కాగితం చదవలేని మనవాళ్లు వాళ్ల దగ్గరే కూలీలయ్యారు. తీసుకున్న కొద్దిపాటి అప్పు తీరక ఏళ్ల తరబడి భగేలాలుగా వెట్టిచాకిరీ చేశారు. ఈ అన్యాయం మీదే కొమురం భీం తిరగబడ్డారు. 1940లో జోడేఘాట్ కొండల్లో ఆయనా ఆయన సహచరులూ తుపాకులకు బలయ్యారు.

అంత రక్తం పారాక నిజాం ప్రభుత్వానికి గోండులు ఎందుకు తిరగబడ్డారన్న ప్రశ్న పుట్టింది. కారణాలు తెలుసుకుని చెప్పే పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన ఏ పట్నంలోనో కూర్చుని నివేదిక రాయలేదు. ఇప్పటి జైనూరు మండలంలోని మార్లవాయిలో మన ఇళ్లలాంటి ఇల్లే వేసుకుని భార్యతో కాపురం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. పండుగల్లో, చావుల్లో, పంచాయితీల్లో జనంతో కూర్చున్నారు. ఎవరి భూమి ఎవరి పేరున ఎలా మారిందో, ఏ ఉద్యోగి ఎక్కడ లంచం పట్టాడో, ఏ గూడెం ఎప్పుడు ఖాళీ అయిందో అన్నీ రాసుకున్నారు. ఆయన నివేదికలు నాలుగింటిని 1945లో నిజాం రెవెన్యూ శాఖే పుస్తకంగా అచ్చువేసింది. తప్పు తమ ఉద్యోగులదేనని చెప్పే పుస్తకాన్ని ప్రభుత్వం చేతే అచ్చు వేయించడం చిన్న విషయం కాదు. రెవెన్యూ వ్యవహారాలు చూసే గ్రిగ్‌సన్ అనే అధికారి ఆయనకు అండగా నిలిచారు. ఆయన కూడా అంతకు ముందు బస్తర్ గోండుల గురించి పుస్తకం రాసినవారే.

హైమన్‌డార్ఫ్ సూచనలన్నీ రెండు విషయాల చుట్టూ తిరుగుతాయి. ఒకటి ఇంటికి భూమి, రెండోది పిల్లలకు బడి. ఈ రెండింటినీ ఆయన విడదీయలేదు. భూమి లేని ఇంట్లో పిల్లవాడు పశువుల వెంట పోతాడు, బడికి రాడు. చదువు లేని ఇంట్లో పట్టా ఇచ్చినా నిలవదు.

బడి పని 1943లో మార్లవాయిలో మొదలైంది. గోండుల మధ్య చదువుకున్నవాళ్లే లేనప్పుడు టీచర్లను ఎక్కడి నుంచి తేవాలి? మరాఠీ అక్షరాలు కాస్త వచ్చిన గోండు యువకులను వెతికి, అక్కడే శిక్షణ కేంద్రం పెట్టి, వాళ్లనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. గోండికి వాడుకలో లిపి లేదు కనుక, మరాఠీ రాసే దేవనాగరి అక్షరాలతోనే గోండి వాచకాలు తయారుచేశారు. పిల్లవాడు ముందు తన భాషలో చదవడం నేర్చుకుని ఆ తరువాత ఇతర భాషలకు వెళ్లాలన్నది పద్ధతి. అక్కడ చదువు నేర్చినవాళ్లలో కొందరు పట్వారీలయ్యారు, కొందరు అటవీ శాఖలో చేరారు. కాగితం చూసి భయపడిన జాతి నుంచే కాగితం రాసేవాళ్లు వచ్చారు.

నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మాతృభాషలో బోధన గురించి విదేశీ పండితుల పేర్లు ఎన్నో బట్టీపట్టాను. మన కొండల్లోనే 1943లో ఆ పని జరిగిందని మాకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక ఒక పెద్దాయన నోట విన్నాను. ఆ రోజు కలిగిన సంతోషం కంటే సిగ్గే ఎక్కువ.

భూమి విషయంలో ఆయన 1945 నుంచి నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా ఉండి పట్టాల పంపిణీ జరిపించారు. సేతుమాధవరావు పగ్డీ వంటి నిజాయితీపరులైన అధికారులు ఆ పనిని ఊరూరా నడిపారు. 1940ల చివరికి ఆదిలాబాద్ జిల్లాలో 11,000 మందికి పైగా గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరాలు పట్టా అయ్యాయి. 1356 ఫస్లీలో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. మనం ఇప్పుడు 1/70 అని పిలుచుకునే భూ బదలాయింపు చట్టం కంటే చాలా ముందే ఈ నేలకు అలాంటి రక్షణ ఆలోచన ఉండేదన్నమాట. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి జనం గోడు వినే దర్బారు కూడా ఆయన చొరవతో మొదలైనదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇవన్నీ ఆయన ఒక్కడే ఇచ్చిన వరాలు కావు. జోడేఘాట్‌లో ప్రాణాలు పోయాకే ప్రభుత్వం చెవి ఒగ్గింది. భీం అడిగిన ప్రశ్నకు హైమన్‌డార్ఫ్ జవాబు రాసిచ్చారు. ఆ జవాబు కూడా ఎప్పటికీ నిలవలేదు. 1950 ప్రాంతంలో ఆయన లండన్ వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఇక్కడ రాజ్యాలు మారాయి, గోండి వాచకాలు మూలపడ్డాయి. 1970ల్లో పదవీ విరమణ చేశాక మళ్లీ మన గూడేలకు వచ్చి చూస్తే, తన కళ్ల ముందు పట్టాలైన భూముల్లో ఎన్నో చేతులు మారిపోయి ఉన్నాయి. ఆ బాధను 1982లో వెలువడిన పుస్తకంలో దాచుకోకుండా రాశారు. తన పని విజయమని చెప్పుకోవడం సులువు. ఆయన ఆ పని చేయలేదు.

1987లో బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెకు మార్లవాయిలోనే సమాధి కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో మరణించారు. 2012లో ఆయన అస్థికలను కుమారుడు తీసుకొచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో మనవాళ్లు అక్కడికి వెళ్లి మన ఆచారం ప్రకారమే ఆ దంపతులకు నివాళి అర్పిస్తారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ సమాధి దగ్గర ఫోటో దిగండి, తప్పులేదు. కానీ ఇంటికి వెళ్లాక మీ నాన్న పాసుపుస్తకం తీసి సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు సరిగా ఉన్నాయో లేదో చదివి చూడండి. తేడా ఉంటే తహసీల్దారు ఆఫీసుకు అర్జీ రాయండి. హైమన్‌డార్ఫ్ చేసింది అదే. చూసినది రాశారు, రాసినది అధికారి బల్ల మీద పెట్టారు, జవాబు వచ్చేదాకా వదల్లేదు. చదువుకున్న మీకు అది చేతనవుతుంది. మీలో కొందరైనా టీచర్ ట్రైనింగ్ చేసి మన బడులకే రండి. పాప ఏర్ అనగానే నీళ్ల గ్లాసు అందించే టీచరు ప్రతి బడిలో ఉండాలి. మా హాస్టల్లో ఆ పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. తాను టీచరే అవుతానంటోంది.