గేరీ కిల్డాల్

సూక్ష్మ కంప్యూటర్లకు సంబంధించినంతవరకు విశేష ప్రచారం పొందిన తొలి ఆపరేటింగ్ సిస్టంను రచించినవాడు గేరీ కిల్డాల్. ఆయన 1942 మే 19వ తేదీన అమెరికాలోని సియాటిల్ నగరంలో జన్మించాడు. వారి కుటుంబం నావికులకు సముద్రయాన విద్యను నేర్పే పాఠశాలను నడిపేది. యౌవనంలో ఆయన కూడా అక్కడ బోధించాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో గణితంతో మొదలైన చదువు క్రమంగా కంప్యూటర్ శాస్త్రం వైపు మళ్ళింది. 1972లో డాక్టరేటు పట్టాన్ని పొందాడు. అప్పటికే ఆయన మాంటెరేలోని నౌకాదళ స్నాతకోత్తర విద్యాలయంలో అధ్యాపకుడు.

ఇంటెల్ సంస్థ 1971లో వెలువరించిన చిన్న ప్రాసెసరు ఆయనను అమితంగా ఆకర్షించింది. ఆ సంస్థకు సలహాదారుగా ఉంటూ పి.ఎల్./ఎం. అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించాడు. 1974లో ఒక మిత్రుని సహకారంతో ఫ్లాపీ డ్రైవును కంప్యూటరుకు అనుసంధించి, దానిని నడపడానికి సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టంను సిద్ధం చేశాడు. భార్య డొరొతీతో కలిసి స్థాపించిన సంస్థ ద్వారా దానిని విక్రయించాడు.

ఆ రచనలోని ఒక చిన్న ఏర్పాటును ఇక్కడ కొంత వివరంగా పరిశీలించాలి. ప్రాసెసరులో ఫ్లాగు అంటే ఒకే ఒక బిట్టు. అది లేచి ఉంటే 1, వాలి ఉంటే 0. ఇంటెల్ 8080లో ఇటువంటివి ఐదు ఉండేవి. ఫలితం సున్న అయిందని చాటేది జీరో ఫ్లాగు. కూడికలో స్థానం మించిన అంకెను తెలిపేది క్యారీ ఫ్లాగు. ఐదింటిలో నాలుగింటిని చూసి జంప్ ఆజ్ఞలు తమ దారిని ఎంచుకొనేవి. అయితే ఫ్లాగుకు నిలకడ లేదు. తరువాతి కూడికో తీసివేతో దానిని మార్చివేస్తుంది. పైగా ఒక విలువను ఒక రిజిస్టరు నుండి మరొకదానికి తరలించే ఆజ్ఞ ఫ్లాగులను తాకనే తాకదు. మరి ఆపరేటింగ్ సిస్టంను ఒక పని కోరిన ప్రోగ్రాం, ఆ పని నెరవేరిందో లేదో ఏ గుర్తును చూసి గ్రహించాలి? ఈ ఒప్పందం ముందుగా కుదరకపోతే, దొరకని ఫైలు దొరికిందని భ్రమించి ప్రోగ్రాం ముందుకు సాగిపోతుంది.

కిల్డాల్ సమాధానాన్ని రిజిస్టరులో ఉంచాడు. పని సంఖ్యను సి రిజిస్టరులో నింపి 5వ చిరునామాను పిలవాలి. తెరవమన్న ఫైలు లేకపోతే ఎ రిజిస్టరులో 255 తిరిగివస్తుంది. ప్రోగ్రాం రచయిత దానికి 1 కలుపుతాడు. ఎనిమిది బిట్లలో 255ను మించిన సంఖ్యకు చోటు లేదు కనుక అది సున్నగా మారుతుంది, జీరో ఫ్లాగు లేస్తుంది. అడిగినవాడే ఫ్లాగును లేపుకొనే ఈ పద్ధతి చూడడానికి వింతగా ఉన్నా, దారిలో చెదరిపోని సమాధానం అది. యంత్రానికి యంత్రానికి మారే భాగాన్ని బయాస్ అనే పేరుతో వేరుచేయడం ఆయన దూరదృష్టికి మరొక నిదర్శనం. దానివల్ల ఒకే సీపీ/ఎం అనేక కంపెనీల కంప్యూటర్లపై నడిచింది.

1980లో ఐ.బి.ఎం. ప్రతినిధులు పసిఫిక్ గ్రోవ్‌లోని ఆయన కార్యాలయానికి వచ్చారు. ఆ ఉదయం కిల్డాల్ మరొక వ్యాపార కార్యంపై సొంత విమానంలో వెళ్ళాడు. ముందుగా గోప్యతా పత్రంపై సంతకం చేయాలన్న షరతుకు డొరొతీ సందేహించింది. తరువాత ఏమి జరిగిందన్న విషయంలో కథనాలు భిన్నంగా ఉన్నాయి. బేరం మాత్రం కుదరలేదు. కిల్డాల్ విహారానికి వెళ్ళి అదృష్టాన్ని జారవిడుచుకున్నాడన్న కథ లోకంలో వ్యాపించింది. అది న్యాయం కాదు, ఆయనను ఎంతో బాధించింది కూడా.

ఐ.బి.ఎం.కు మైక్రోసాఫ్ట్ అందించిన డాస్‌కు మూలం టిమ్ పాటర్సన్ రచన. పాత ప్రోగ్రాములు సులభంగా మార్చుకొనేందుకు వీలుగా ఆయన సీపీ/ఎం పిలుపుల తీరును అనుసరించాడు. వైఫల్యానికి గుర్తైన 255 కూడా అందులో కనిపిస్తుంది. కిల్డాల్ అభ్యంతరం తెలుపగా, ఐ.బి.ఎం. రెండింటినీ అమ్మడానికి అంగీకరించింది. కానీ డాస్ ధర 40 డాలర్లు, సీపీ/ఎం ధర 240 డాలర్లు! కొనుగోలుదారులు దేనిని ఎంచుకున్నారో చెప్పనక్కరలేదు. 1983లో వచ్చిన డాస్ రెండవ రూపంలో, కొత్త పిలుపులు వైఫల్యాన్ని క్యారీ ఫ్లాగుతో తెలిపే ఆచారం ప్రవేశించింది. పాత పిలుపులు మాత్రం 255నే పలికాయి.

కిల్డాల్ ఆ తరువాత కూడా పరిశోధన మానలేదు. టెలివిజన్‌లో కంప్యూటర్ విజ్ఞాన కార్యక్రమాన్ని కొన్నేళ్ళు నిర్వహించాడు. 1991లో ఆయన సంస్థను నోవెల్ కొనుగోలు చేసింది. తలకు తగిలిన గాయం అనంతరం 1994 జూలై 11న, 52వ ఏట, మాంటెరేలో కన్నుమూశాడు. ఇరవై ఏళ్ళ తరువాత, 2014లో, పసిఫిక్ గ్రోవ్‌లోని పాత కార్యాలయ భవనం వద్ద సీపీ/ఎం స్మారకంగా ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ ఒక ఫలకాన్ని నెలకొల్పింది.