దోషాన్ని దాగనీయని గణితవేత్త ఆలన్ ట్యూరింగ్

కంప్యూటరు తనకిచ్చిన ఆదేశాన్ని తు.చ. తప్పక పాటిస్తుంది. ఆదేశంలో దోషముంటే దానినీ అంతే శ్రద్ధగా పాటిస్తుంది. దోషం ఒకచోట పుట్టి, లోలోపలే సాగి, మరొకచోట తప్పు ఫలితంగా బయటపడినపుడు దాని మూలాన్ని కనుగొనడం దుష్కరం. పుట్టినచోటనే దానిని పట్టే ఉపాయాన్ని తొలిదినాలలోనే ఆలోచించిన మేధావి ఆలన్ ట్యూరింగ్. ఆయన జీవితాన్ని సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండనులో జన్మించాడు. తండ్రి జూలియస్ నాటి మద్రాసు రాజధానిలో ఐ.సి.యస్. అధికారి. అందువలన ఆలన్ బాల్యంలో అధికభాగం తల్లిదండ్రులకు దూరంగా ఇంగ్లండులోనే గడిచింది. కేంబ్రిడ్జిలో గణితమభ్యసించి, గణనయంత్ర సిద్ధాంతానికి పునాది వేసిన వ్యాసాన్ని 1936లో రచించాడు. యంత్రాల ప్రవర్తనను గూర్చిన కొన్ని ప్రశ్నలను తేల్చగల సార్వత్రిక పద్ధతి ఉండజాలదని అందులో నిరూపించాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించడంలో ప్రముఖపాత్ర వహించాడు.

1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో చేరాడు. మరుసటి సంవత్సరం జూన్‌లో, కేంబ్రిడ్జిలో జరిగిన సదస్సులో, పెద్ద ప్రోగ్రామును సరిచూచే విధానాన్ని వివరించాడు. ఒక పెద్ద కూడికలో పక్క వరుసకు చేర్చిన అంకెలను వ్రాసి ఉంచితే, ప్రతి వరుసనూ విడిగా సరిచూడవచ్చును. అట్లే ప్రోగ్రామును వ్రాసినవాడు కూడా ఏ ఘట్టంలో ఏ విలువ ఉండవలెనో మధ్యమధ్య స్పష్టంగా ప్రకటించవలెనని, ఆ ప్రకటనలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే మొత్తం ప్రోగ్రాము సరియైనదని తేలుతుందని ఆయన ప్రతిపాదన.

అచ్చుతప్పులతో వెలువడిన ఆ వ్యాసం చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. 1967లో ఫ్లాయిడ్, 1969లో హోర్ ఈ మార్గాన్నే విస్తృతంగా అభివృద్ధి చేశారు. ట్యూరింగ్ వ్యాసం సరిదిద్దబడి 1984లో మరల వెలుగుచూచింది. నేడు ప్రోగ్రాములలో ఇట్టి ప్రకటనలను యంత్రమే పరీక్షించే ఏర్పాటున్నది. ప్రకటన తప్పినచోటనే ప్రోగ్రాము ఆగిపోతుంది. తప్పుడు విలువ ముందుకు సాగదు.

1952లో, స్వలింగ సంబంధాన్ని నేరంగా పరిగణించిన నాటి చట్టం క్రింద ట్యూరింగ్ శిక్షింపబడ్డాడు. 1954 జూన్ 7న, 41 ఏండ్లకే మరణించాడు. ఆయనకు జరిగిన అన్యాయానికి బ్రిటిష్ ప్రధాని 2009లో క్షమాపణ చెప్పారు. 2013లో రాణి క్షమాభిక్ష లభించింది. యాభై ఏండ్లకు పైగా ఆలస్యమైన ఆ దిద్దుబాటును చూచే భాగ్యం ఆయనకు లేదు.

సమాధానమొక్కటే వ్రాసి మధ్యమెట్లను విడిచిపెట్టే అలవాటు మన విద్యార్థులలో కొందరికున్నది. ప్రతి మెట్టునూ పరీక్షకు నిలబెట్టిన ఈ మహామేధావి జీవితం వారికి మార్గదర్శకం కావలెనని మా ఆకాంక్ష.