నీటిపై యంత్రశక్తి – ఓలే ఎవిన్‌రూడ్

మన కవులకు నావ అంటే ఎంతో మక్కువ. సంసారాన్ని సాగరంగానూ, గురువును నావికునిగానూ భావించి వారు చెప్పిన పద్యాలకు లెక్క లేదు. శ్రీరామచంద్రుని గంగ దాటించిన గుహుని కథ తెలియని తెలుగువాడు ఉండడు. అయితే ఆ కావ్యాలలో ఆవలి తీరం కనిపించినంతగా తెడ్డు వేసే వాని భుజాల నొప్పి కనిపించదు. వేల సంవత్సరాలుగా చిన్న పడవను నడిపింది ఆ భుజాలూ, గాలివాలూ మాత్రమే. ఆవిరియంత్రం వచ్చి మహానౌకలను కదిలించిన తరువాత కూడ, ఒక జాలరి పడవకు గాని, ఏరు దాటించే చిన్న దోనెకు గాని ఆ శక్తి అందలేదు. యంత్రం బరువు పడవ బరువును మించిపోతుంటే అందేదెట్లా? ఆ చిక్కుముడిని విప్పడానికి జీవితాన్ని వెచ్చించిన యంత్రశిల్పి ఓలే ఎవిన్‌రూడ్.

ఎవిన్‌రూడ్ 1877 ఏప్రిల్ 19న నార్వే దేశంలో జన్మించాడు. ఆయన ఐదేళ్ల ప్రాయంలో ఆ కుటుంబం బ్రతుకుతెరువు వెదుక్కుంటూ అమెరికాకు వలస వచ్చి, విస్కాన్సిన్ రాష్ట్రంలో రిప్లీ సరస్సు సమీపాన వ్యవసాయం చేసుకొంటూ స్థిరపడింది. తండ్రికి భూమిపై నమ్మకం, కుమారునికి నీటిపై ధ్యాస. కౌమారంలో ఓలే స్వయంగా ఒక తెరచాప పడవ నిర్మించబోగా, సేద్యం చెడుతుందని తండ్రి ఆ ప్రయత్నాన్ని సాగనివ్వలేదనీ, పట్టు విడువని కుమారుడు రెండవసారి రహస్యంగా పడవను పూర్తిచేసి సరస్సులో విహరింపజేశాడనీ చెప్పుకొంటారు. బడిచదువు ఆయనకు అంతగా దక్కలేదు. పదహారేళ్ల వయస్సులో మేడిసన్ నగరం చేరి యంత్రాల కర్మాగారాలలో పనికి కుదిరాడు. పగలు పని, రాత్రి స్వయంగా ఇంజనీరింగు గ్రంథాల పఠనం. అటు తరువాత పిట్స్‌బర్గ్, షికాగో నగరాలలో పనిచేసి, మిల్వాకీ నగరానికి వచ్చి, 1900 సంవత్సరంలో ఒక భాగస్వామితో కలిసి ఇంజన్లు తయారుచేసే చిన్న సంస్థను ప్రారంభించాడు.

ఆయన జీవితంలో ప్రవేశించిన బెస్ కేరీ ఆ పనిశాలకు ఇరుగుపొరుగు యువతి. వ్యాపార విద్య నేర్చినది. లోహాన్ని కరగించి మలచడంలో నిపుణుడైన ఓలేకు ఉత్తరం వ్రాయడం, లెక్క చూడడం అంతగా చేతకావు; ఆ భారం ఆమె స్వీకరించింది. ఒక వేసవి మధ్యాహ్నం మిత్రులతో కలిసి వారు మిల్వాకీ సమీపంలోని ఒకాచీ సరస్సుకు వనభోజనానికి వెళ్లారట. బెస్ ఐస్‌క్రీమ్ కావాలని కోరింది. ఆవలి ఒడ్డు రెండు మైళ్లకు పైబడిన దూరం. ఓలే తెడ్లు వేసుకొంటూ వెళ్లి, కొని, ఎదురుగాలిలో చెమటలు కక్కుతూ తిరిగివచ్చేసరికి ఆ తినుబండారం కరిగి నీరయింది. పడవకు బిగించగల చిన్న మోటారు ఆలోచన అప్పుడే పుట్టిందని కథ. ఇటువంటి కథలు చెప్పగా చెప్పగా నునుపెక్కుతాయి. ఎదురుగాలిలో తెడ్డు వేసిన వారు మాత్రం దీనిని కొట్టిపారవేయరు. 1906లో వారి వివాహం జరిగింది. మరుసటి సంవత్సరం రాల్ఫ్ అనే కుమారుడు కలిగాడు.

పడవ వెలుపల తగిలించే మోటారును మొట్టమొదట ఊహించినవాడు ఎవిన్‌రూడ్ కాదని విద్యార్థులు గుర్తించాలి. ఆయనకు ముందే అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ మొదలైనవారు అటువంటివి తయారుచేశారు. ఎవిన్‌రూడ్ గొప్పతనం అమరికలో ఉంది. సిలిండరును అడ్డంగా పరుండబెట్టి, దాని ఇరుసును నిలువుగా నీటిలోనికి దించి, అడుగున పళ్లచక్రాలతో ఆ భ్రమణాన్ని మలుపు త్రిప్పి ప్రొపెల్లరుకు అందించాడు. నేటికీ ఈ తరగతి ఇంజన్లలో నిలువు ఇరుసు, అడుగున పళ్లచక్రాలు అనే అమరిక అట్లే నిలిచి ఉన్నది. తొలి నమూనాను చూసిన బెస్‌కు అది కాఫీగింజలు విసిరే మరవలె కనిపించిందట. ఒక మిత్రుడు దానిని ఎరువు తీసుకొనిపోయి సరస్సులో నడిపి, పది యంత్రాలు కావాలన్న కోరికతోనూ, చేతిలో సొమ్ముతోనూ తిరిగివచ్చాడు.

1909లో అమ్మకానికి వచ్చిన ఆ మోటారు శక్తి ఒకటిన్నర అశ్వశక్తి. బరువు 62 పౌండ్లు, అనగా సుమారు 28 కిలోలు. వెల 62 డాలర్లు. తెడ్లు పారవేసి మోటారు బిగించుకోండని జనాన్ని పిలిచే ప్రకటనను బెస్ స్వయంగా రచించింది. ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి. న్యూయార్కులోని ఒక ఎగుమతి వ్యాపారి స్కాండినేవియా జాలరుల కోసం వేలసంఖ్యలో మోటార్లు కోరాడు. పుట్టినగడ్డకు ఓలే ఆ విధంగా యంత్రరూపంలో తిరిగి వెళ్లాడని అనుకోవచ్చు. 1911లో పేటెంటు లభించింది. పెట్టుబడి కోసం క్రిస్ మేయర్ అనే ధనికుడు భాగస్వామిగా చేరాడు.

రాత్రింబవళ్లు సాగిన ఈ శ్రమకు మూల్యం చెల్లించినది బెస్. ఆమె ఆరోగ్యం క్షీణించింది. ఆమె విశ్రాంతి తీసుకోక తప్పదని స్పష్టమైన వేళ, 1914 ప్రాంతంలో, ఓలే తన వాటాను మేయరుకు విక్రయించాడు. ఐదేళ్లపాటు ఈ వ్యాపారంలో అడుగుపెట్టనని ఒప్పుకొన్నాడు. తన పేరు మోసే మోటార్లను పరులు తయారుచేస్తుండగా, భార్యను, బిడ్డను వెంటబెట్టుకొని దేశాటనం చేశాడు. ఆయన జీవితంలో అన్నిటికంటె పెద్ద నిర్ణయం ఇదేనని నా అభిప్రాయం. పేటెంటు దక్కిన మూడేళ్లకే పేరునూ, పరిశ్రమనూ వదలుకొనడం ఏ యంత్రశిల్పికైనా సులభం కాదు.

చేతులు ఊరకున్నా బుద్ధి ఊరకుండలేదు. తొలి మోటారులోని లోపం ఆయనకు తెలుసు: ఇనుము, కంచు అధికం, బరువు అధికం. గడువు తీరేనాటికి అల్యూమినియంతో, ఎదురెదురుగా రెండు సిలిండర్లతో క్రొత్త మోటారును రూపొందించాడు. దాని శక్తి మూడు అశ్వశక్తులు, బరువు సుమారు 22 కిలోలు మాత్రమే. పూర్వపు యంత్రంలో ఒక్కొక్క అశ్వశక్తికి దాదాపు 19 కిలోల లోహం మోయవలసివస్తే, దీనిలో ఏడు కిలోలకు కొంచెం పైన సరిపోయింది. ముందుగా దానిని మేయరుకే చూపించాడు, అతడు వద్దన్నాడు. అంతట ఓలే, బెస్ ‘ఎల్టో’ అనే పేరుతో 1921లో తమ సొంత సంస్థను నెలకొల్పారు. తన పాత పేరుతో నడుస్తున్న సంస్థకే తాను పోటీదారు కావలసివచ్చిన విచిత్ర పరిస్థితి అది!

శక్తికీ బరువుకూ గల ఈ నిష్పత్తి నేడు గాలి నింపే చిన్న రబ్బరు పడవల విషయంలో మరింత కీలకమైంది. మన తీరగ్రామాలలో పడవ ముందుభాగాన్ని అణియమనీ, వెనుకభాగాన్ని అమరమనీ వ్యవహరిస్తారు. రబ్బరు పడవకు అమరం వద్ద ఒక చెక్కపలక ఉంటుంది; మోటారును దానికే బిగిస్తారు. నేటి రెండున్నర అశ్వశక్తుల మోటారు సుమారు 17 కిలోలు, ఆరు అశ్వశక్తులది 25 కిలోలకు పైన, పదికి చేరువైనది 40 కిలోల వరకు తూగుతుంది. దానికి తోడు ఇంధనం, నడిపే మనిషి, అందరూ అమరం వైపే. పలక తట్టుకోలేని మోటారు బిగిస్తే అమరం క్రుంగి, అణియం ఆకాశాన్ని చూస్తుంది. తేలికపాటి పడవ కనుక ఎదురుగాలి దానిని ఎత్తి బోర్లవేయగలదు.

శక్తి రెట్టింపు చేస్తే వేగం రెట్టింపవుతుందనుకోవడం మరొక భ్రమ. నీటిని చీల్చుకొంటూ పోయే పడవకు దాని పొడవే హద్దు. రెండున్నర మీటర్ల పడవ గంటకు సుమారు ఏడు కిలోమీటర్ల వద్ద తాను లేపిన అలలోనే తాను చిక్కుకొంటుంది. అడుగు మెత్తగా, వంగిపోయేదిగా ఉంటే పది అశ్వశక్తులు బిగించినా ప్రయోజనం స్వల్పం; అటువంటి పడవకు రెండున్నర నుంచి నాలుగు వరకు చాలును. అడుగు గట్టిగా ఉండి, దూలం వంటి కీలు కలిగిన మూడు మీటర్ల పడవలో ఇద్దరు ప్రయాణిస్తే, ఎనిమిది నుంచి పది అశ్వశక్తులతో అది అలపైకి ఎక్కి నీటిమీద జారుతూ సాగుతుంది. నలుగురు ఎక్కితే అదే మోటారు చతికిలబడుతుంది. కనుక పడవ ఖాళీగా ఉన్నప్పటి బరువును కాక, నిండుగా ఉన్నప్పటి బరువును లెక్కించాలి. తయారీదారు పడవకు అతికించిన ఫలకంపై గరిష్ఠ అశ్వశక్తి, మోయదగిన బరువు ముద్రించి ఉంటాయి. ఆ గీతను దాటరాదు. మోటారు కాడ పొడవు కూడ పలక ఎత్తుకు తగినట్లుండాలి. కురచైతే ప్రొపెల్లరు గాలిని చిలుకుతుంది, పొడవైతే వృథాగా నీటిని ఈడ్చుకొంటూ పోతుంది.

పోతన గజేంద్రమోక్షంలో ఏనుగుకు లేని బలం మొసలికి ఎక్కడ నుంచి వచ్చింది? నీటి నుంచి. ప్రొపెల్లరు సంగతీ అంతే. నీటిలో పట్టు దొరికినంతవరకే దాని బలం. అట్లని మరీ చిన్న మోటారు కూడ క్షేమం కాదు. ప్రవాహవేగం పడవ వేగాన్ని మించితే ఒడ్డు చేరే మార్గమే ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు, విపత్తు సహాయక దళాలు మోటారు బిగించిన రబ్బరు పడవలతో వీధులలో ప్రవేశించడం మనలో చాలామంది చూశాము. అటువంటి వేళ మోటారు పరిమాణం ప్రాణాలకు సంబంధించిన లెక్క అవుతుంది.

తిరిగి ఓలే కథకు వద్దాం. ఎల్టో తేలికదనాన్ని చూసి మార్కెట్టు దానివైపు మొగ్గింది. 1922లో జాన్సన్ సోదరులు ఇంకా తేలికైన మోటారుతో రంగంలోకి దిగారు. పోటీ పందెంగా మారింది. 1928 నాటికి ఎల్టో నాలుగు సిలిండర్లతో 18 అశ్వశక్తుల మోటారును అందించింది. 1929లో ఎల్టో, పాత ఎవిన్‌రూడ్ సంస్థ, లాక్‌వుడ్ సంస్థ ఏకమై ‘ఔట్‌బోర్డ్ మోటార్స్ కార్పొరేషన్’ ఏర్పడింది, అధ్యక్షుడు ఓలే. పదిహేనేళ్లకు ఆయన పేరు ఆయన చేతికి తిరిగివచ్చింది. ఆ ఏడే ఆర్థికమాంద్యం విరుచుకుపడి, విహారపడవలు కొనేవారు కరవయ్యారు. అప్పుల నడుమ సంస్థను నిలబెట్టడంలోనే ఆయన చివరి సంవత్సరాలు గడచిపోయాయి.

1933లో బెస్ కన్నుమూసింది. మరుసటి సంవత్సరమే, 1934 జులై 12న, 57వ ఏట ఓలే కూడ మరణించాడు. బాధ్యత రాల్ఫ్ స్వీకరించాడు. 1936లో జాన్సన్ సంస్థ కూడ వారిలో విలీనమైంది. ఎవిన్‌రూడ్ పేరుగల మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది.