శాకుంతల శిల్పి

కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం చివరి అంకంలో, మారీచాశ్రమంలో దుష్యంతుడు శకుంతల పాదాలపై వ్రాలి క్షమించమని వేడుకొంటాడు. పినవీరన కావ్యం ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన ఈ కథను పందొమ్మిదో శతాబ్ది చివరలో పారిస్ నగరంలో ఇరవై మూడేళ్ల యువతి ఒకతె శిల్పంగా మలచింది. మోకరిల్లిన పురుషుడు, కన్నులు మూసి అతనిపైకి ఒరిగిన స్త్రీ. 1888లో పారిస్ కళాప్రదర్శనలో ఆ శిల్పం ప్రశంసాపత్రాన్ని పొందింది. ఆ శిల్పి పేరు కామిల్ క్లాడెల్.

కామిల్ 1864 డిసెంబరు 8న ఉత్తర ఫ్రాన్సులోని ఒక చిన్న ఊరిలో జన్మించింది. తండ్రి ప్రభుత్వోద్యోగి. తమ్ముడు పాల్ తరువాతి కాలంలో కవిగా, నాటకకర్తగా, రాయబారిగా పేరుపొందాడు. బాల్యం నుండి ఆమె చేతులకు మట్టి తప్ప మరొక లోకం లేదు. తండ్రి ఆ అభిరుచిని ప్రోత్సహించగా, తల్లి ఈసడించుకొనేది. 1881లో కుటుంబం పారిస్ చేరింది. ప్రభుత్వ కళాశాల ద్వారాలు స్త్రీలకు తెరుచుకొన్నది 1897లో గాని కాదు. అందుచేత కామిల్ ఒక ప్రైవేటు విద్యాలయంలో చేరి, తోటి విద్యార్థినులతో కలిసి ఒక శిల్పశాలను అద్దెకు తీసుకొంది. వారికి మార్గదర్శకుడైన బూషే ఇటలీకి వెళుతూ ఆ బాధ్యతను ఆగస్ట్ రోడిన్‌కు అప్పగించాడు.

రోడిన్ ఆమెకంటే ఇరవైనాలుగేళ్లు పెద్దవాడు. కామిల్ అతనికి శిష్యురాలయింది, సహాయకురాలయింది, ప్రేయసి అయింది. అతని బృహత్ శిల్పాల నిర్మాణంలో పాలుపంచుకొంది. కాని రోడిన్ తన చిరకాల సహచరిని విడువలేదు. 1890ల ఆరంభంలో కామిల్ అతని నుండి దూరమై స్వతంత్రంగా పనిచేయసాగింది. వాల్ట్జ్ నృత్యజంట, ముచ్చట్లాడుకొనే నలుగురు స్త్రీలు, వృద్ధురాలు లాక్కుపోతున్న పురుషుని కోసం చేతులు చాచిన యువతి - ఇవన్నీ ఆ కాలపు సృష్టులే. చివరి శిల్పాన్ని కొనడానికి ప్రభుత్వం మొదట అంగీకరించి, ఆ తరువాత వెనుకకు తగ్గింది.

పేదరికం, ఏకాంతం ఆమెను క్రుంగదీశాయి. రోడిన్ మనుషులు తన ఊహలను దొంగిలిస్తున్నారని, తనకు విషం పెడతారని ఆమె నమ్మసాగింది. తలుపులు బిగించుకొని తన శిల్పాలను తానే పగులగొట్టింది. ఆమె మనస్సు వ్యాధిగ్రస్తమైన మాట నిజం, దానిని దాచవలసిన పనిలేదు. ఆలోచింపవలసినది ఆ తరువాత జరిగినదాన్ని గురించి.

1913 మార్చి 2న తండ్రి మరణించాడు. ఆ వార్త ఆమెకు చెప్పలేదు. ఎనిమిది రోజుల తరువాత, మార్చి 10న ఆమెను బలవంతంగా పారిస్ సమీపంలోని వీల్-ఎవ్రార్ మానసిక చికిత్సాలయానికి తరలించారు. 1838 నాటి ఫ్రెంచి చట్టం ప్రకారం ఇందుకు న్యాయస్థానం తీర్పు అవసరం లేదు. కుటుంబసభ్యుల దరఖాస్తు, ఒక వైద్యుని ధ్రువపత్రం చాలు. దరఖాస్తుపై సంతకం చేసినది కన్నతల్లి. పత్రికలలో కొంత నిరసన వెలువడినా ఫలితం లేకపోయింది. మరుసటి ఏడు ప్రపంచయుద్ధం రాగా, రోగులను దక్షిణాదిన అవిన్యోన్ సమీపంలోని మాంద్‌వెర్గ్ చికిత్సాలయానికి పంపారు. పారిస్‌కు అది దాదాపు 700 కిలోమీటర్ల దూరం.

ఆమెకు బయటివారితో ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండరాదని తల్లి కట్టడి చేసింది. ఆమె వ్రాసిన లేఖలు కొన్ని గమ్యం చేరక చికిత్సాలయపు దస్త్రాలలోనే ఉండిపోయాయి. 1920లో అక్కడి వైద్యుడు ఆమె శాంతించిందని, ఇంటికి పంపి చూడవచ్చునని తల్లికి తెలియజేశాడు. తల్లి నిరాకరించింది. అనుమానం కామిల్‌ను పూర్తిగా విడువలేదు. తానుగా ఉడికించుకొన్న తొక్క తీయని బంగాళాదుంపలు, గుడ్లు తప్ప మరేవీ తినడానికి ఆమె జంకేది. అయితే ఈపాటి భయంతో ఇంటిపట్టున బ్రతికేవారు లోకంలో ఎందరు లేరు! ఆమెను అక్కడ నిలిపి ఉంచినది వ్యాధికంటె, ఆమెను చేరదీసే గడప లేకపోవడమే. దుర్వాసుని శాపానికైనా ఒక ఉంగరం విరుగుడుగా ఉండేది.

1929లో మరణించేవరకు తల్లి ఒక్కమారైనా ఆమెను చూడరాలేదు. దేశదేశాలలో రాయబారిగా ఉన్న తమ్ముడు ముప్పై ఏళ్లలో సుమారు పన్నెండుమార్లు వచ్చివెళ్లాడు. ఆ 1929లోనే యౌవనంలో శిల్పశాలను పంచుకొన్న ఇంగ్లీషు స్నేహితురాలు జెస్సీ లిప్స్‌కోంబ్ వెతుక్కుంటూ వచ్చింది. అప్పుడు తీసిన ఛాయాచిత్రంలో టోపీ ధరించి, చేతులు కట్టుకొని కూర్చున్న ఒక వృద్ధురాలు కనిపిస్తుంది. ఆ చేతులు ఆ ప్రహరీలోపల మళ్లీ శిల్పమన్నది చేయలేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆహారం కరవై ఫ్రాన్సు మానసిక చికిత్సాలయాలలో 40 వేలమందికి పైగా రోగులు మరణించారు. ఆ గడ్డు రోజులలోనే, 1943 అక్టోబరు 19న, డెబ్బై ఎనిమిదో ఏట కామిల్ కన్నుమూసింది. అంత్యక్రియలకు బంధువులెవరూ రాలేదు. కొంతకాలానికి ఆమె అస్థికలను ఉమ్మడి ఖననస్థలంలో కలిపివేశారు. 1838 చట్టం స్థానంలో కొత్త చట్టం 1990లో వచ్చింది.

2017లో నొజాన్-సుర్-సేన్ పట్టణంలో ఆమె పేరిట ఒక మ్యూజియం తెరిచారు. అయితే 1905లో ఆమె పాలరాతిలో తిరిగి చెక్కిన శాకుంతల అక్కడ లేదు. వెర్తుమ్నుడు, పొమోన అనే రోమన్ దేవతల పేరుతో, 1952లో పాల్ ఇచ్చిన కానుకగా, అది పారిస్‌లోని రోడిన్ మ్యూజియానికి చేరింది.